ఆఫీసు మెయిల్స్‌పై నిఘా: ట్రయల్ వేసిన రోజు నుంచే చట్టం వర్తిస్తుంది

ప్రశ్న: సార్, నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో సిస్టమ్ అడ్మిన్‌ని. మా దగ్గర 120 దాకా మెయిల్ ఐడీలు ఉన్నాయి. మా కొటేషన్ రేట్లు పోటీ కంపెనీకి ముందే తెలిసిపోతున్నాయని ఎండీ గారి అనుమానం. మెయిల్స్ మీద నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లు మూడు చూసి, నెల రోజులు ట్రయల్ వేసి, ఏది బాగుందో చెప్పమన్నారు. స్టాఫ్‌కి చెప్పొద్దన్నారు. వాటిలో ఒకటి కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ రికార్డు చేస్తుంది, స్క్రీన్ ఫొటోలూ తీస్తుంది. ఇది చట్టబద్ధమేనా? రేపు కేసు అయితే నా మీదకి వస్తుందా?

జవాబు: మీ టెన్షన్ అంతా రెండో ప్రశ్న మీదే ఉన్నట్టుంది కాబట్టి ముందు అదే చెప్తాను. రావచ్చు. ఎండీ నోటిమాటగా చెప్పారు, నేను చేశాను అంటే క్రిమినల్ కేసులో అది మిమ్మల్ని కాపాడదు.

అయితే భయపడాల్సింది కంపెనీ మెయిల్ చూసినందుకు కాదు. ఉద్యోగుల ఆఫీసు మెయిల్‌ని యజమాని చూడకూడదని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 ఏమంటుందంటే, కంప్యూటర్ యజమాని అనుమతి గానీ దాని బాధ్యత చూసేవారి అనుమతి గానీ లేకుండా అందులోకి చొరబడకూడదు అంటుంది. కంపెనీ డొమైన్, కంపెనీ సర్వర్, కంపెనీ డబ్బు కట్టే మెయిల్‌బాక్స్ అయినప్పుడు ఆ అనుమతి కంపెనీదే. 2017 పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు గోప్యతని ప్రాథమిక హక్కు అన్న మాట నిజమే గానీ, అది ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలబడే హక్కు, దాన్ని పట్టుకుని ప్రైవేటు కంపెనీ మీద నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి గెలవడం అంత తేలిక కాదు.

అసలు చిక్కు మీరు చివర్లో రాసిన, కీబోర్డుని రికార్డు చేసే ఆ సాఫ్ట్‌వేర్‌తో. కీబోర్డు అక్షరాలన్నీ రికార్డు అవుతాయంటే, అకౌంట్స్ సెక్షన్ అమ్మాయి భోజన విరామంలో తన బ్యాంకు ఖాతా తెరిస్తే ఆ పాస్‌వర్డ్ కూడా మీ స్క్రీన్ మీదకి వస్తుంది. ఇంకొకరి జీమెయిల్ పాస్‌వర్డ్ వస్తుంది. 2011 నాటి ఐటీ రూల్స్‌లో పాస్‌వర్డ్, బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం ఇవన్నీ సున్నితమైన వ్యక్తిగత సమాచారం కింద లెక్క, వాటిని సేకరించాలంటే ఆ మనిషి రాతపూర్వక సమ్మతి కావాలి. ఆ సమాచారాన్ని భద్రంగా ఉంచడంలో కంపెనీ నిర్లక్ష్యం చేసి ఎవరికైనా నష్టం వస్తే ఐటీ చట్టం సెక్షన్ 43ఎ కింద పరిహారం కట్టాలి, 5 కోట్ల వరకు క్లెయిములు రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గరే తేలతాయి, సివిల్ కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. ఇక అలా దొరికిన పాస్‌వర్డ్‌తో ఎవరైనా, మీరైనా ఎండీ అయినా, ఉద్యోగి సొంత జీమెయిల్ తెరిచి చూశారో అది సెక్షన్ 66, 66సి కిందకి వెళ్తుంది. మూడేళ్ల వరకు జైలు పడే నేరాలివి. జీమెయిల్ ఆఫీసు కంప్యూటర్‌లో తెరిచినంత మాత్రాన ఆఫీసుది అయిపోదు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. ట్రయలే కదా, కొన్నాక చట్టం సంగతి చూసుకుందాం అనుకుంటారు. ట్రయల్ వేసిన రోజు నుంచే మీవాళ్ల నిజమైన మెయిల్స్, నిజమైన పేర్లు, జీతాల వివరాలు ఆ వెండార్, అంటే సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ, సర్వర్‌లోకి వెళ్లొచ్చు. ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో మీకు తెలుసా? ట్రయల్ ముగిశాక ఆ డేటా చెరిపేస్తామని వాళ్లు రాసిచ్చారా? కొటేషన్లు బయటికి పోతున్నాయని మొదలుపెట్టిన పనిలో, సంతకం చేసిన కాగితం లేకుండా కొటేషన్లన్నీ బయటి కంపెనీ చేతిలో పెడుతున్నారు, ఇది ఎండీ గారికి అర్థమయ్యేలా చెప్పాల్సింది మీరే. ట్రయల్ కావాలంటే నాలుగైదు డమ్మీ మెయిల్‌బాక్సులు తెరిచి, కల్పిత కొటేషన్లు పంపి చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ ఏం పట్టుకుంటుందో దాంతోనే తెలిసిపోతుంది.

2023 డేటా రక్షణ చట్టం గురించి కూడా ఒక మాట. అందులో సెక్షన్ 7 యజమానికి కొంత వెసులుబాటు ఇచ్చింది: వ్యాపార రహస్యాలు కాపాడుకోవడానికి, కంపెనీకి నష్టం రాకుండా చూసుకోవడానికి ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని డేటా వాడుకోవచ్చు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఈ వెసులుబాటు చూపించి కొందరు వెండార్లు ఇక ఏం చేసినా చెల్లుతుందని అమ్ముతున్నారు, నమ్మకండి. అదే చట్టంలో, డేటాని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల వరకు జరిమానా ఉంది. మీరు పోగుచేసిన స్క్రీన్ ఫొటోలు లీకైతే ఆ బాధ్యత వెండార్‌ది కాదు, మీ కంపెనీదే.

స్టాఫ్‌కి చెప్పకపోవడం గురించి నా అభిప్రాయం గట్టిది: చెప్పాలి. ఫలానావాళ్ల మీద అనుమానం ఉందని చెప్పనక్కర్లేదు. కంపెనీ మెయిల్ కంపెనీ పనికే, దాన్ని భద్రత కోసం పరిశీలిస్తాం అని ఒక పేజీ పాలసీ రాసి, డిస్పాచ్‌లో పనిచేసేవాళ్లకి కూడా అర్థమయ్యేలా తెలుగులోనూ ఇచ్చి, సంతకాలు తీసుకోండి. రొమేనియాలో ఒక ఉద్యోగి ఆఫీసు చాట్ చదివి అతన్ని ఉద్యోగం నుంచి తీసేస్తే, 2017లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఉద్యోగి పక్షానే తీర్పు ఇచ్చింది. నిఘా ఎంత లోతుగా ఉంటుందో, మెయిల్‌లోని విషయం కూడా చదువుతారో లేదో ముందే చెప్పారా అన్నదాన్ని ఆ కోర్టు ముఖ్యంగా చూసింది. ఆ తీర్పు మన కోర్టుల మీద బైండింగ్ కాదు గానీ, రేపు లేబర్ కోర్టులో ఇలాంటి ప్రశ్నే వస్తే సంతకం ఉన్న పాలసీ కాగితం మీ చేతిలో ఉండాలి.

కోర్టు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, దొంగ దొరికితే ఆ మెయిల్‌ని ప్రింట్ తీసి ఇస్తే చాలదు. కోర్టు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే కోడ్) రాయాలి, ఒక భాగం మీద ఆ సిస్టమ్ బాధ్యత చూసేవాళ్లు సంతకం చేయాలి, రెండో భాగం మీద నిపుణుడు. మొదటి సంతకం మీదే అవుతుంది. అంటే బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్‌లో జవాబు చెప్పేది మీరు: ఎప్పుడు పెట్టారు, ఎవరు చెప్పారు, మధ్యలో ఎవరెవరు ముట్టుకున్నారు అని అడుగుతారు.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనకముందే, మీ మెయిల్ సర్వీసులో ఇప్పటికే ఉన్న ఆడిట్ లాగ్, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టా, చూడండి. ఎవరి మెయిల్‌బాక్స్‌లోనైనా బయటి ఐడీకి ఆటో ఫార్వర్డ్ రూల్ ఉందా, కొటేషన్ ఫైల్ ఎవరెవరు డౌన్‌లోడ్ చేశారు, ఇవి అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. ఏది పెట్టినా సరే, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వచ్చే అంతర్గత కమిటీ మెయిల్‌బాక్స్‌ని మాత్రం నిఘాలోంచి తప్పించండి, 2013 చట్టం ఆ ఫిర్యాదుల గోప్యతకి ప్రత్యేకంగా రక్షణ ఇచ్చింది.

ఇక మీ సంగతి. ఈరోజే ఎండీ గారికి ఒక మెయిల్ పెట్టండి: "సార్, మీరు చెప్పిన ట్రయల్ కంపెనీ మెయిల్‌బాక్సులకే, డమ్మీ డేటాతోనే చేస్తాను. కీబోర్డు రికార్డింగ్, స్క్రీన్ ఫొటోలు ఆఫ్‌లో ఉంచుతాను. వెండార్‌తో రాతపూర్వక ఒప్పందం అయ్యాకే అసలు డేటా ఇస్తాను. మీ అనుమతి తెలియజేయగలరు." అంతే, ఇంకేమీ రాయొద్దు. ఆయన ఒప్పుకోకుండా ఎవరిదైనా సొంత జీమెయిల్ తెరవమంటే మర్యాదగా, రాతలోనే కుదరదని చెప్పండి. ఆ మెయిల్స్‌ని మాత్రం మీ సొంత ఐడీకి ఫార్వర్డ్ చేసుకోకండి. కంపెనీ సమాచారం బయటికి పంపారని తిరిగి మీ మీదే కేసు పెట్టడానికి అది చాలు. తేదీ, సమయం, ఏం అడిగారు, మీరు ఏమన్నారు అన్నది ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసుకోండి.