ఎన్ఐసీయూ బిడ్డల మెదడు స్కాన్: ఏ కోర్సు ఏ పనికి?

ప్రశ్న: మాది రావులపాలెం. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నెలలు నిండకుండా పుట్టిన మా మేనల్లుడు కాకినాడలో ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉన్నప్పుడు వాడి తలకు స్కాన్ చేయడం అద్దంలోంచి చూసింది. అప్పట్నుంచి ‘నేనూ అదే చేస్తా’ అంటోంది. బీఎస్సీ ఇమేజింగ్‌లో చేర్పిస్తే సరిపోతుందా?

జవాబు: తను చూసిన పనికైతే సరిపోదండీ. ఫీజు కట్టకముందే ఈ సంగతి తెలియాలి.

అది అల్ట్రాసౌండ్. మనం ఆముదం అద్దే మాడు దగ్గర పసివాళ్లకు ఎముకలు ఇంకా కలిసి ఉండవు. ఆ మెత్తటి చోట చిన్న ప్రోబ్ (చేత్తో పట్టుకునే స్కాన్ పరికరం) ఆనించి, లోపల రక్తస్రావమైందా, నీరు చేరుతోందా అని చూస్తారు. మెషీనే బిడ్డ దగ్గరికి వస్తుంది. రేడియేషన్ ఉండదు, మత్తు అక్కర్లేదు. బాగా ముందుగా పుట్టినవాళ్లలో ఈ రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది, అందుకే అంత తొందర. కానీ మన దేశంలో ఆ ప్రోబ్ పట్టేది డాక్టర్లే. అంటే నీట్, ఎంబీబీఎస్, తర్వాత ఎండీ రేడియాలజీ. లేదా పిల్లల వైద్యంలో ఎండీ చేసి, ఆపైన నియోనేటాలజీ (పసికందుల వైద్యం). పదేళ్ల మాట.

బీఎస్సీ చేసినవాళ్ల చోటు ఎంఆర్ఐ, సీటీ, ఎక్స్‌రే గదుల్లో. దాన్ని చిన్నచూపు చూడకండి. పుట్టినప్పుడు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న బిడ్డకు ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలపాటు ఒళ్లు చల్లబరిచే చికిత్స ఉంది. ఆ తర్వాత మెదడు ఎక్కడ, ఎంత దెబ్బతిందో బాగా చూపించేది ఎంఆర్ఐ. పాలు పట్టించి, గుడ్డలో బిగువుగా చుట్టి, చెవులు మూసి, బిడ్డ నిద్రలోకి జారాక తీస్తారు. చాలామందికి మత్తు లేకుండానే అయిపోతుంది. మొలతాడుకు ఎవరో గుచ్చిన పిన్నీసు ఉందా, రక్షరేకు ఉందా అని తడిమి చూడాల్సింది టెక్నీషియనే, ఎంఆర్ఐ మెషీన్‌లో ఇనుమును లాగేసే పెద్ద అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి. బిడ్డ కదిలితే బొమ్మ చెదురుతుంది, డాక్టరుకు ఏమీ తేలదు. ఓర్పున్న చేతులకే ఆ పని దక్కాలని నా కోరిక.

అమ్మాయిని సూటిగా అడగండి: బిడ్డకు ఏమైందో తేల్చి చెప్పాలనుందా, స్కాన్ చక్కగా తీయాలనుందా? మొదటిదైతే నీట్‌కు మనసుపెట్టి కూర్చోనివ్వండి. రెండోదైతే కాలేజీకి సొంత ఆస్పత్రి, అందులో ఎంఆర్ఐ, ఎన్ఐసీయూ ఉన్నాయో లేదో మీరే వెళ్లి చూడండి. ఇంటర్న్‌షిప్ ఏదో బయటి ల్యాబ్‌లో వేస్తామంటే మాత్రం ఆ సీటు వద్దు.