జిల్లా హనుమకొండ, ఎంపీ కరీంనగర్

ప్రశ్న: మాది హనుమకొండ జిల్లా కమలాపూర్ మండలం. కలెక్టరుతో పని పడితే హనుమకొండకు పోతాం, లోక్‌సభ ఎన్నికల్లో మాత్రం కరీంనగర్ స్థానానికి ఓటు వేస్తాం. ఇది పొరపాటా? ఉప్పల్ స్టేషన్‌లో మరిన్ని రైళ్లు ఆగాలని వినతిపత్రం ఇవ్వాలంటే ఏ ఎంపీని కలవాలి?
– ఒక పాఠకుడు, కమలాపూర్

జవాబు: పొరపాటు కాదు. జిల్లాలను రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేస్తుంది. నియోజకవర్గాల హద్దులను పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం పునర్విభజన సంఘం నిర్ణయిస్తుంది. ఇప్పుడున్న హద్దులు 2001 జనగణన ఆధారంగా ఖరారై 2008లో అమలులోకి వచ్చాయి. అప్పటికి మీ మండలం కరీంనగర్ జిల్లాలోనే ఉంది గనుక హుజూరాబాద్ శాసనసభ స్థానంలోనూ, ఆ విధంగా కరీంనగర్ లోక్‌సభ స్థానంలోనూ చేరింది. (అంతకు ముందు కమలాపూర్ పేరుతోనే ఒక శాసనసభ స్థానం ఉండేదని మీ ఊరి పెద్దలకు గుర్తుండే ఉంటుంది.) 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మండలం వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది, 2021లో ఆ జిల్లా హనుమకొండ అయింది, నియోజకవర్గం హద్దు మాత్రం కదలలేదు.

హుస్నాబాద్ శాసనసభ స్థానంలో ఉన్న ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మండలాల వారిదీ మీ పరిస్థితే. 1977లోనూ 1980లోనూ హనుమకొండ నుంచి లోక్‌సభకు గెలిచిన పి.వి. నరసింహారావు గారి సొంతూరు వంగర నేడు హనుమకొండ జిల్లాలో ఉంది. అయితే ఆ పేరుతో ఉన్న లోక్‌సభ స్థానమే 2008 పునర్విభజనలో పోయింది, వంగర ఓటర్లు కరీంనగర్ ఎంపీనే ఎన్నుకుంటున్నారు. విచిత్రమే గాని, చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు.

ఇక రైలు సంగతి. రైల్వేలు కేంద్రం పరిధిలోని విషయం కనుక మీరు కలవవలసింది కరీంనగర్ ఎంపీనే. రైలు ఆపడం ఎంపీ చేతిలో ఉండదు, నిర్ణయం రైల్వే శాఖది. అయితే ఆయన మంత్రికి లేఖ రాయవచ్చు, లోక్‌సభలో 377వ నిబంధన కింద విషయాన్ని లేవనెత్తవచ్చు. వినతిపత్రం ప్రతి ఒకటి సికింద్రాబాద్ డివిజన్ అధికారులకు కూడా పంపండి. ఊరికి చిన్న పనులు కావాలన్నా అదే ఎంపీని అడగండి: ఏడాదికి 5 కోట్ల రూపాయల ఎంపీ నిధులను ఆయన తన నియోజకవర్గంలో ఖర్చు చేయించాలి, ఆ ఊరు ఏ జిల్లాలో ఉందన్నది దానికి అడ్డు కాదు. రాజ్యసభ సభ్యులైతే రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా పనులు సిఫారసు చేయవచ్చు. మన వాళ్లు ఈ సంగతి అంతగా పట్టించుకోరు.

ప్రశ్న: తెలంగాణ రాజ్యసభ సభ్యులను ఎన్నుకోవడంలో ఎమ్మెల్సీలకు ఓటు ఉంటుందా?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఉండదు. రాష్ట్రానికి రాజ్యసభలో 7 స్థానాలున్నాయి, వాటికి ఓటు వేసేది శాసనసభకు ఎన్నికైన 119 మంది ఎమ్మెల్యేలే. శాసనమండలిలో 40 మంది సభ్యులున్నా ఈ ఎన్నికతో వారికి సంబంధం లేదు. ప్రాధాన్యక్రమంలో ఓటు వేస్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2003లో చేసిన సవరణ తరువాత పార్టీ ఎమ్మెల్యేలు తమ ఓటును పార్టీ ప్రతినిధికి చూపించి మరీ వేయాలి. మూడు స్థానాలు ఖాళీ అయితే, 119 ఓట్లూ చెల్లిన పక్షంలో, ఒక్కొక్కరికి 30 తొలి ప్రాధాన్య ఓట్లు చాలు. 2024 ఫిబ్రవరిలో సరిగ్గా మూడు స్థానాలకే ఎన్నిక వచ్చింది, బరిలో మిగిలింది ముగ్గురే. పోలింగ్ అవసరమే రాలేదు.