జిర్కోనియంను నమ్ముకుని చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో మెటలర్జీ రెండో సంవత్సరం చదువుతోంది. హైదరాబాద్‌లో జిర్కోనియం పని ఉందట, అందులోకే వెళ్తానంటోంది. నాకు తెలిసి అది అమెరికన్ డైమండ్ రాయి. దాన్ని నమ్ముకుంటే ఉద్యోగం వస్తుందా? - ఒక తండ్రి, కర్నూలు

జవాబు: మీరన్న రాయి క్యూబిక్ జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్. జిర్కాన్ వేరు, అది సముద్రతీరపు ఇసుకలో దొరికే సిలికేట్ ఖనిజం. బంగారు రంగు అనే అర్థమున్న పారశీక మాట ‘జర్గూన్’ నుంచి దానికా పేరు వచ్చిందంటారు. 1789లో క్లాప్రోత్ ఈ మూలకాన్ని గుర్తించింది అందులోనే.

అమ్మాయి చెబుతున్నది లోహం సంగతి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లో అణు రియాక్టర్లలో ఇంధనమైన యురేనియం బిళ్లలు నింపే గొట్టాలను జిర్కోనియం మిశ్రమలోహంతో చేస్తారు. రియాక్టర్‌లో అణుచర్యను నడిపించే కణాలైన న్యూట్రాన్లను ఇది దాదాపు మింగదు, వేడినీటికి తట్టుకుంటుంది. చిక్కు ఒక్కటే: ఖనిజంలో దీని వెంటే 2 శాతం వరకు హాఫ్నియం అనే మరో లోహం ఉంటుంది. రసాయనికంగా రెండూ కవలల్లాంటివి. కానీ హాఫ్నియం న్యూట్రాన్లను 500 రెట్లకు పైగా మింగుతుంది. అందుకే నైట్రిక్ ఆమ్ల ద్రావణం నుంచి టీబీపీ (ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్) అనే సాల్వెంట్‌తో జిర్కోనియంను విడదీసి, హాఫ్నియంను పది లక్షల్లో 100 పాళ్ల లోపుకు దించుతారు. తర్వాత క్లోరైడుగా మార్చి మెగ్నీషియంతో క్షయకరణం చేస్తే (క్లోరిన్‌ను తొలగిస్తే) స్పాంజ్‌లా రంధ్రాలున్న లోహం వస్తుంది. దాన్ని వాక్యూమ్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగించి, ఎక్స్‌ట్రూడ్ చేసి (అచ్చు గుండా నెట్టి), గొట్టాలను సన్నగా చేసే పిల్గర్ మిల్లులో సాగదీస్తారు. గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కంటికి కనపడని గీతను కూడా అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల), ఎడ్డీ కరెంట్ (విద్యుత్ ప్రవాహపు) పరీక్షలతో పట్టుకోవాలి.

ఒక్క లోహాన్ని, ఒక్క సంస్థను నమ్ముకోవద్దు, ఖాళీలు ఏటా రావు. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ (సాల్వెంట్‌తో విడదీయడం), వాక్యూమ్ మెల్టింగ్, నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ (వస్తువు పాడవకుండా లోపాలు పట్టే పరీక్ష)లలో ఒకదానిపై పట్టు సాధించమనండి. చివరి రెండూ వస్తే ప్రత్యేక మిశ్రమలోహాలు తయారుచేసే మిధానీ లాంటి చోట్ల, పైపుల కర్మాగారాల్లో కూడా పనికొస్తాయి. డిప్లొమా వాళ్లకు అణుశక్తి విభాగపు స్టైపెండరీ ట్రైనీ (భృతితో శిక్షణ) నోటిఫికేషన్లు ఉంటాయి. సాధారణంగా 60 శాతం మార్కులు అడుగుతారు, కాబట్టి ఇప్పుడే బ్యాక్‌లాగులు లేకుండా చూసుకోవాలి. అప్రెంటిస్‌షిప్ మాత్రం ఉద్యోగ హామీ కాదు.

ఇంజనీరు కావాలంటే డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరాలి. ఆ తర్వాత గేట్‌లో మెటలర్జికల్ పేపర్, బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్ దారి. పళ్ల ల్యాబుల్లోనూ జిర్కోనియా వాడతారు గానీ, అక్కడికి డెంటల్ మెకానిక్ కోర్సు కావాలి, ఈ డిప్లొమా చెల్లదు.

ఇంకొకటి, ఇంటర్వ్యూల్లో అడిగే అవకాశమున్నది: లేత్ మీద రాలే సన్నటి జిర్కోనియం పొట్టు నిప్పురవ్వకే అంటుకుంటుంది. దానిమీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. పొడి ఇసుకే కప్పాలి.