మందు ముట్టనివాడికి ఫ్యాటీ లివర్ ఎలా వస్తుంది?

వయసు 26, సిగరెట్ లేదు, మందు లేదు, అయినా ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు, ఎందుకొచ్చింది, తగ్గుతుందా అని మీరు అడిగారు. రెండేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది. మా నాన్నగారు స్కాన్ రిపోర్టు రెండుసార్లు చదివి, అమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, "ఎప్పట్నుంచి తాగుతున్నావురా?" అని మెల్లగా అడిగారు.

తాగనని ఆయన్ని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నాకున్న వ్యసనమల్లా టీ. మాదాపూర్‌లో సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా షిఫ్ట్. నిద్ర ఆపుకోవడానికి టీ, కాల్ అయితే టీ, టెన్షన్‌కి టీ. రాత్రి రెండింటికి ఎవరో ఒకరు బిర్యానీ ఆర్డర్ పెట్టేవారు. తిని కాసేపటికే క్యాబ్, ఆ వెంటనే మంచం.

డాక్టరమ్మ ముందు మందు సంగతి అడిగారు, తర్వాత హెపటైటిస్ బి, సి పరీక్షలు రాశారు. అవి నెగటివ్ వచ్చాక ఒక కాగితం ఇచ్చి, నిన్న తిన్నవీ తాగినవీ అన్నీ రాయమన్నారు. ఆరు టీలు రాశాను. "టీకి రెండు చెంచాలు, అంటే 10 గ్రాములు. ఆరుకి 60," అని పక్కనే వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లకి అదనపు చక్కెర రోజుకి సుమారు 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. నేను టీలోనే గీత దాటేశాను. వాడకానికి మించిన చక్కెరనీ అన్నాన్నీ లివర్ కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుందట. కూర్చునే ఉద్యోగం కాబట్టి అది కరిగే దారే లేదు.

మీరొక్కరే అనుకోకండి. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు కనిపించింది. అది మొత్తం ఐటీ వాళ్ల లెక్క కాదు. అయినా మా ఫ్లోర్‌లో బొజ్జలు చూస్తే నాకేమీ ఆశ్చర్యం అనిపించలేదు. బొజ్జ అంటే గుర్తొచ్చింది, ఒకసారి టేపు పెట్టి నడుము కొలుచుకోండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. నాది 101. ఊరెళ్తే మాత్రం "ఒళ్లు చేశావు, ఇప్పుడు బాగున్నావు" అనేవారు!

నాకు మందులేమీ రాయలేదు. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గించమన్నారు. జొన్న రొట్టెలు వారం తిన్నాను, నా వల్ల కాలేదు. అన్నం సగం చేసి, కూర రెట్టింపు చేశాను. రాత్రి భోజనం తొమ్మిదికే ముగించి, రెండింటి బిర్యానీ మానేశాను. మొదటి పది రోజులు ఆ వాసనకి ప్రాణం లాగేసింది. టీ బండి దగ్గర చక్కెర ముందే కలిపేసి ఉంటుంది, తగ్గించమనే వీలు లేదు. అందుకని ఇంటి నుంచి ఫ్లాస్కులో చప్పటి టీ తెచ్చుకుంటున్నాను, రోజుకి రెండు కప్పులు. షిఫ్ట్‌కి ముందు నలభై నిమిషాల నడక. ఈలోగా మా బాబాయి లివర్ శుభ్రం చేసే పొడి అని ఏదో పంపాడు. డాక్టరమ్మ డబ్బా చూసి, ఇందులో ఏముందో తెలియకుండా వాడొద్దన్నారు. పక్కన పడేశాను.

ఎనిమిది నెలల్లో 84 కిలోల నుంచి 77కి వచ్చాను. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) 92 ఉండేది, 41 అయింది. స్కాన్‌లో కొవ్వు స్థాయి గ్రేడ్ 2 కాస్తా గ్రేడ్ 1 అయింది. పూర్తిగా పోలేదు, షిఫ్ట్ కూడా మారలేదు.

మీ ఎస్‌జీపీటీ నార్మల్‌గానే ఉందని రాశారు. దాన్ని చూసి ఊరుకోకండి, అది నార్మల్‌గా ఉన్నా కొవ్వు ఉండొచ్చు. రిపోర్టు డాక్టర్‌కి చూపించేటప్పుడు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) కూడా చేయించమంటారేమో అడగండి. 5.7 నుంచి 6.4 మధ్య వస్తే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. నాది 5.9 వచ్చింది. స్కాన్ కన్నా ఆ అంకె చూసే ఎక్కువ భయపడ్డాను, మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా షుగర్.