సీసీ లిమిట్ డబ్బుతో చందమామ వాచీ కొనొచ్చా?

ప్రశ్న: మాది పలాస. చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. పాత కీ ఇచ్చే వాచీలంటే నాకు పిచ్చి, ఇప్పటికే మూడున్నాయి. ఇప్పుడు 1940ల చివర్లో స్విట్జర్లాండ్‌లో తయారైన బంగారు కేసు వాచీ ఒకటి దొరికింది. వారం, తేదీ, నెలతో పాటు చందమామ కళలు కూడా చూపిస్తుంది. నాలుగున్నర లక్షలు చెబుతున్నారు. బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్‌లో అంత మిగులుంది, కొన్నాళ్లు పాప కోసం నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కడుతున్న సిప్ ఆపితే సర్దుబాటవుతుంది. పాప ఏడో తరగతి. ఇలాంటి వాచీలు కోట్లకు పోతున్నాయని చదివాను. ఇది పెట్టుబడే కదా అంటే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

జవాబు: వాచీ కొనండి. కానీ ఈ డబ్బుతో వద్దు, ఈ ఏడాది వద్దు.

సీసీ అంటే జీడి పిక్కలు కొనుక్కోమని బ్యాంకు ఇచ్చిన డబ్బు. మార్చి నుంచి మే దాకా పిక్కలొస్తాయి, ఆ రోజుల్లో చేతిలో డబ్బున్నవాడికే మంచి సరుకు దొరుకుతుంది, అది ఉడికించి, ఒలిచి, గ్రేడ్ చేసి అమ్మితే డబ్బు గట్టిగా తిరిగొచ్చేది దసరా, దీపావళి స్వీట్ల గిరాకీకే. ఈ మధ్యలో నాలుగున్నర లక్షలు వాచీలో ఇరుక్కుంటే, వడ్డీ 10.5 శాతమే అనుకున్నా ఏడాదికి 47,250 రూపాయలు. వ్యాపారానికిచ్చిన లిమిట్‌ను సొంత ఖర్చుకు మళ్లిస్తే బ్యాంకు ఒప్పుకోదు, ఆ మేరకు వడ్డీని ఆదాయపు పన్నులో వ్యాపార ఖర్చుగా చూపించుకోవడమూ కుదరదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన ఉద్దానంలో జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఏడాది సీసీలో మిగులున్న ఫ్యాక్టరీ ఊపిరి తీసుకుంటుంది, లేని ఫ్యాక్టరీ తాళం వేసుకుంటుంది.

సిప్ మాటకొస్తే, పాప బీటెక్ ఫీజుకు గట్టిగా ఆరేళ్లు కూడా లేవు. అది ఆపొద్దు. దీని మీద ఇంక చర్చ లేదు.

ఇక కోట్ల సంగతి. మీరు చదివింది బహుశా స్విస్ కంపెనీ పటెక్ ఫిలిప్ చేసిన 1518 వాచీ గురించి అయ్యుంటుంది. 1941లో మొదలైన మోడల్, మొత్తం 281 దాకా చేశారు, స్టీలు కేసులో తెలిసినవి నాలుగే, వాటిలో ఒకటి 2016లో జెనీవా వేలంలో కోటీ 10 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పోయింది. దాన్ని చూసి మీ వాచీ విలువ అంచనా వేయకూడదు. ఆ రోజుల్లో వారం, తేదీ, నెల, చందమామ ఉన్న వాచీలు చాలా స్విస్ కంపెనీలు చేశాయి, వాటిలో ఎక్కువ శాతం మామూలు ధరల్లోనే చేతులు మారుతుంటాయి. మీరు అమ్మబోతే కొనే డీలరు పాతిక శాతం మార్జిన్ పెట్టుకున్నాడనుకోండి, మీ నాలుగున్నర లక్షలు మీకు తిరిగి రావాలంటేనే బజారులో దాని ధర ఆరు లక్షలు పలకాలి. ఏటా 6 శాతం పెరిగినా అందుకు ఐదేళ్లు పడుతుంది, ఈలోపు సర్వీసింగ్ ఖర్చు వేరే. అందుకే మీ ఆస్తుల లెక్కలో ఈ వాచీ విలువ సున్నా అని రాసుకోండి. సున్నా అనుకున్నా కొనాలనిపిస్తే, అప్పుడు కొనాల్సిన వస్తువే అది.

నాకూ ఈ వాచీలంటే ఇష్టమే కాబట్టి ఇంకాస్త చెబుతాను. డయల్ కింద తిరిగే బిళ్ల మీద రెండు చందమామలుంటాయి, అంచున 59 పళ్లు, రోజుకో పన్ను చొప్పున జరుగుతుంది, అంటే ఒక్కో చందమామకు 29న్నర రోజులు. అసలు చాంద్రమాసం 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఆ 44 నిమిషాలు పోగై రెండేళ్ల ఎనిమిది నెలలకు ఒక రోజు తేడా వస్తుంది, గోడ క్యాలెండర్‌లో పౌర్ణమి చూసి ఆ రోజు నిండు చందమామను కిటికీ మధ్యకు తెచ్చుకుంటే సరి. 31 రోజులు లేని ఐదు నెలల చివర్లోనూ తేదీని మనమే సరిచేయాలి. ఇక్కడే జాగ్రత్త. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని, చందమామను సరిచేసే మీటలు నొక్కకండి. ఆ వేళలో పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి, డెబ్బై ఎనభై ఏళ్ల నాటి క్యాలెండర్ విడిభాగం కొత్తది దొరకదు, ఎవరో చేత్తో తయారు చేయాలి. మామూలు కీ వాచీ బాగుచేసే మనిషి ఊళ్లో ఉండొచ్చు, ఇది విప్పగలిగినవాళ్లు తక్కువ. ఆ మనిషెవరో తేల్చుకున్నాకే బేరం మాట్లాడండి.

చేతికి తీసుకున్నప్పుడు ముళ్లను మెల్లగా అర్ధరాత్రి పన్నెండు దాటించి చూడండి. వారం, తేదీ రెండూ మారాయా, చందమామ ఒక పన్ను జరిగిందా? తర్వాత లెన్సు పెట్టి డయల్ చూడండి. నిమిషాల గీతలు వంకరగా ఉన్నా, అక్షరాల మందం ఒకచోట ఒకలా ఉన్నా, డెబ్బై ఏళ్ల డయల్ నిన్న వేసినట్టు తెల్లగా మెరుస్తున్నా మళ్లీ పెయింట్ వేశారేమోనని అనుమానించాలి. పెయింట్ వేసిన డయల్‌తో ధర బాగా పడిపోతుంది, అమ్మేవాళ్లు చాలామంది ఆ మాట చెప్పరు. కేసు లోపల స్విస్ ముద్ర చూడండి, స్త్రీ తల ఉంటే 18 క్యారెట్లు, ఉడత ఉంటే 14. బంగారం బరువు వాచీ లోపలి మెషిన్ తీసేసి కేసు తూస్తేనే తెలుస్తుంది, అది తూయడానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర నేనైతే కొనను. కొన్నాక ఫ్యాక్టరీలోకి మాత్రం పెట్టుకెళ్లొద్దు. ఆవిరి, జీడి తొక్క నూనె, మన సముద్రపు గాలి తేమ, ఆ కాలపు కేసు వీటిలో దేన్నీ ఆపలేదు.

డబ్బు సంగతి ఇలా చేయండి. ముందు ఇంటి ఖర్చుకు, కూలీల జీతాలకు కలిపి ఆరు నెలల డబ్బు ఎఫ్‌డీలో ఉందో లేదో చూడండి, లేకపోతే మొదట అదే. తర్వాత వాచీ కోసం నెలకు 10,000 చొప్పున వేరే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టండి, వడ్డీతో కలిపి మూడున్నరేళ్లలోపే నాలుగున్నర లక్షలవుతుంది. మంచి సీజన్ వస్తే దీపావళి తర్వాత, సీసీ బాకీ సున్నా అయ్యాక, లాభంలోంచి కొంత అందులో వేసుకోవచ్చు. ఇప్పుడున్న మూడింటిలో మనసు తీరినది అమ్మి కలిపితే ఇంకా త్వరగా అవుతుంది. ఈ వాచీ ఈలోపు ఎవరో పట్టుకుపోతే పోనివ్వండి, ఇలాంటివి మళ్లీ వస్తాయి.

ఆదాయపు పన్ను గురించి ఒక్క మాట. సొంతంగా పెట్టుకునే వాచీ మామూలుగా వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది, అమ్మినా మూలధన లాభం ఉండదు. బంగారు కేసైతే దాన్ని ఆభరణంగా చూసే అవకాశముంది, అమ్మడానికే కొన్నారంటే పన్ను తప్పదు. 24 నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం, తరచూ కొని అమ్ముతుంటే వ్యాపార ఆదాయం. మీ ఆడిటర్‌ను అడిగి, బిల్లు మీ సొంత పేరు మీదే తీసుకోండి, ఫ్యాక్టరీ పేరు మీద వద్దు.

మీ ఆవిడ అభ్యంతరం వాచీ మీద కాదేమో, సిప్ ఆపడం మీదేమో ఒకసారి అడిగి చూడండి. ఆర్‌డీని ఇద్దరి పేరు మీద తెరవండి, కొనే రోజు ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి.