ఆరు లక్షలూ కెమెరాలో పోయకండి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లె. చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. కాలేజీ రోజుల నుంచీ దానికి ఫొటోలంటే ప్రాణం. మా బావమరిది కొడుకు కెమెరా తీసుకుని ఊళ్లో బారసాలలు, ఓణీల ఫంక్షన్లు తీసింది. అందరూ బాగున్నాయన్నారు. ఇప్పుడు ఉద్యోగం వద్దు, తణుకులో స్టూడియో పెడతాను, ఆరు లక్షలు కావాలి అంటోంది. చీటీ ఒకటి ఉంది, పాడితే డబ్బు వస్తుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న ఈ రోజుల్లో ఇది నిలబడే పనేనా? ఏమేం కొనాలి? ప్రభుత్వ సాయం ఏమైనా ఉంటుందా? ఆడపిల్ల రాత్రిళ్లు పెళ్లిళ్లకు తిరగడమంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. అమ్మాయిని ఎలా ఆపాలి అని అడగకుండా ఎలా నిలబెట్టాలి అని అడిగారు. ముందు ఆ మాటకు మీకు కృతజ్ఞతలు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పని నిలబడుతుంది. కానీ ఆరు లక్షలు ఇప్పుడే వద్దు. తణుకులో గది అద్దెకు తీసుకోవడం ఇప్పుడు అసలే వద్దు.

ఫోన్ల సంగతి ముందు చూద్దాం. పాస్‌పోర్టు ఫొటోల మీద, పండక్కి కుటుంబమంతా వచ్చి దిగే ఫొటోల మీద బతికిన స్టూడియోలు దెబ్బతిన్న మాట నిజమే. పెళ్లి అలా కాదు. ఇంట్లో పది ఫోన్లు ఉన్నవాళ్లు కూడా పెళ్లికి ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎందుకో తెలియాలంటే జీలకర్ర–బెల్లం ఘట్టాన్ని ఒక్కసారి దగ్గరగా చూడండి. ముహూర్తం తెల్లవారుజామున మూడు గంటల నలభై రెండు నిమిషాలకు అనుకుందాం. మధ్యలో అడ్డుతెర. ఇద్దరి చేతుల్లో జీలకర్ర–బెల్లం ముద్దలు. పంతులుగారి కన్ను గడియారం మీద, సన్నాయి వాళ్ల కన్ను పంతులుగారి మీద ఉంటుంది. తెర దిగుతుంది, గట్టిమేళం మొదలవుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు సెకన్లే. సరిగ్గా అప్పుడే మేనమామ ఫోను పైకెత్తుతాడు, పంతులుగారి భుజం అడ్డొస్తుంది, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. పని తెలిసిన ఫొటోగ్రాఫర్ అంతకు పావుగంట ముందే పంతులుగారి దగ్గరికి వెళ్లి, ‘తెర ఎటు వైపు తీస్తారండీ?’ అని అడిగి, ఆ పక్కన మోకాళ్ల మీద కూర్చుని సిద్ధంగా ఉంటాడు. పెళ్లివారు డబ్బిచ్చేది ఆ పావుగంట ముందుచూపుకి. అది కెమెరాతో పాటు పెట్టెలో రాదు.

కాబట్టి మీ అమ్మాయికి ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యంగా కావలసింది ఒక సీజన్ పాటు మరొకరి దగ్గర పని. మన వైపు ఇప్పుడు పెళ్లంటే ఒక్క మనిషి పని కాదు. ట్రెడిషనల్ ఫొటోకి ఒకరు, ట్రెడిషనల్ వీడియోకి ఒకరు, క్యాండిడ్‌కి (చెప్పి నిలబెట్టకుండా సహజంగా తీసే ఫొటోలకి) ఒకరు, సినిమాటిక్‌కి (సినిమాలా తీసే వీడియోకి) ఒకరు ఉంటారు. పెద్ద పెళ్లయితే డ్రోన్, ఎల్‌ఈడీ స్క్రీన్, లైవ్ వాళ్లు వేరే. ముహూర్తాలు దగ్గరపడితే స్టూడియోల వాళ్లకు మనుషులు దొరకరు, ఈవెంట్‌కి ఇంతని ఇచ్చి బయటివాళ్లను పిలుస్తారు. తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం, రాజమండ్రిలో పేరున్న స్టూడియోలకు వెళ్లి రెండో కెమెరాగా వస్తానని అడగమనండి. మొదట్లో ఇచ్చేది తక్కువే ఉంటుంది. అయినా ఒక ఇరవై పెళ్లిళ్లు తిరిగితే రేట్లు ఎలా చెబుతారో, ఆల్బమ్ ఎక్కడ ప్రింట్ చేయిస్తారో, పెళ్లివారు ఏ విషయంలో కోప్పడతారో అన్నీ తెలుస్తాయి.

ఈలోగా ఒక శిక్షణ కూడా ఉంది, దాని గురించి చాలామందికి తెలియదు. దాదాపు ప్రతి జిల్లాలోనూ లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే బ్యాంకు) ఆధ్వర్యంలో ఆర్‌సెటీ అనే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. వీటికి మూలం 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన సంస్థ. ఫొటోగ్రఫీ, వీడియోగ్రఫీలో నెల రోజుల కోర్సు వీటి జాబితాలో ఉంది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. మీది పల్లెటూరు కాబట్టి అర్హత విషయంలో ఇబ్బంది రాకపోవచ్చు. కోర్సు అయ్యాక రెండేళ్ల పాటు ఎలా సాగుతోందో కనుక్కుంటారు, బ్యాంకు రుణానికి దారి చూపిస్తారు. నాకు నచ్చేది ఇలా తర్వాత కూడా వెంట ఉండడమే. ఎందుకంటే శిక్షణ ఇచ్చి వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ బ్యాంకు మేనేజర్‌ని అడిగితే మీకు దగ్గర్లో ఎక్కడుందో, ఈ కోర్సు బ్యాచ్ ఎప్పుడో చెబుతారు. నాలుగేళ్లు కూర్చుని చదువుకోవాలంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అనే లలిత కళల విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. కానీ మీ అమ్మాయి ఇప్పటికే డిగ్రీ చేసింది. మళ్లీ నాలుగేళ్లు అవసరం లేదని నేననుకుంటున్నాను. పైగా బీకాం ఈ పనికి పెద్ద ఆస్తి. బాగా ఫొటోలు తీసి లెక్కలు చూసుకోలేక మూసేసిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇక సామాను. ఒక మంచి సెకండ్ హ్యాండ్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరా చాలు. అందులో రెండు మెమరీ కార్డులు పట్టే వసతి ఉండి తీరాలి. సోనీ ఏ7 త్రీ, నికాన్ జెడ్6 టూ, కెనాన్ ఆర్6 లాంటివాటిలో అది ఉంటుంది. కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో చూపించమనండి. ఈ తరగతి కెమెరాల షట్టర్ రెండు లక్షల క్లిక్కుల వరకూ వస్తుందనుకుంటే, ఒక పెళ్లికి నాలుగు వేల క్లిక్కుల చొప్పున యాభై పెళ్లిళ్లు. కెమెరా లక్షకు కొన్నారనుకోండి, ప్రతి పెళ్లి డబ్బులోంచి రెండు వేలు పక్కన పెట్టాలన్నమాట. కొత్తవాళ్లు ఈ రెండు వేలను లాభం కింద ఖర్చు పెట్టేస్తారు, మూడో ఏట కెమెరా మొరాయిస్తే మళ్లీ ఇంటి మీద పడతారు.

లెన్సుల్లో 50 ఎంఎం ఎఫ్ 1.8 (తక్కువ వెలుతురులోనూ పనికొచ్చేది) ముందు కొనాలి, తక్కువ ఖరీదులో మంచి ఫలితం ఇస్తుంది. 24–70 ఎంఎం ఎఫ్ 2.8 జూమ్ లెన్సు ఖరీదైనది, అది మొదటి ఏడాది అద్దెకు తెచ్చుకోవచ్చు. రెండు ఫ్లాష్‌లు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, అదనపు బ్యాటరీలు, నాలుగు మంచి కంపెనీ కార్డులు, రెండు హార్డ్ డిస్కులు కావాలి. వీడియో ఎడిటింగ్‌కి డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది. ఫొటోలకు లైట్‌రూమ్, ఫొటోషాప్‌కి నెలనెలా కట్టాలి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, తీసుకోవద్దని గట్టిగా చెప్పండి. దాంతో వైరస్ వస్తే పోయేది ఎవరి పెళ్లి ఫొటోలో! డ్రోన్ ఇప్పుడు వద్దు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బులకు ఎగరేయాలంటే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అవసరమైనప్పుడు సర్టిఫికెట్ ఉన్న మనిషినే పిలుచుకోవచ్చు. మొత్తం చూస్తే కంప్యూటర్ ఇంట్లో ఉంటే రెండున్నర లక్షల్లో, లేకపోతే మూడు, మూడున్నరలో పని మొదలవుతుంది.

రెండు కార్డుల మాట ఇంత గట్టిగా ఎందుకు అన్నానంటే, మా చిన్నాన్న కూతురి పెళ్లిలో తాళి కట్టే ఘట్టం నుంచి తలంబ్రాల దాకా ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. కార్డు చెడిపోయింది. ఆ కుర్రాడు మంచివాడు, పనిమంతుడు. వారం తర్వాత వచ్చి మా పిన్ని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, డబ్బంతా వెనక్కి ఇచ్చాడు. ఆవిడ డబ్బు తీసుకోలేదు, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడాలి. ఇంటికి వచ్చాక నిద్రపోయే ముందే రెండు డిస్కుల్లోకి ఎక్కించాలి. ఆ రెండో డిస్కు మరో ఇంట్లో ఉండాలి. ఆల్బమ్ అప్పగించేవరకూ కార్డు చెరపకూడదు. ఒక పెళ్లి ఫొటోలే వంద జీబీ వరకూ ఉంటాయి కాబట్టి డిస్కుల ఖర్చును కూడా రేటులో కలుపుకోవాలి.

డబ్బు విషయంలో అమ్మాయిలు ఎక్కువగా మొహమాటపడి నష్టపోతారు. బుకింగ్ రోజున కొంత, పెళ్లి రోజున ఎక్కువ భాగం, మిగిలింది ఆల్బమ్ ప్రింటింగ్‌కి వెళ్లేముందు తీసుకోవాలి. ప్రింట్ అయిన ఆల్బమ్ ఇంట్లో పెట్టుకుని బాకీ కోసం ఏడాది తిరిగినవాళ్లు ఉన్నారు. ఆల్బమ్‌కి ఫొటోల సెలక్షన్ పెళ్లివారు 45 రోజుల్లో పూర్తి చేసి ఇవ్వాలని ముందే రాసుకోవాలి, లేకపోతే మొదటి బిడ్డ బారసాల నాటికి కూడా పెళ్లి ఆల్బమ్ తేలదు. ఇదంతా ఒక పేజీ కాగితం మీద తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెడితే చాలు. అందులోనే ఇంకో వాక్యం ఉండాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోల మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లదే. కాబట్టి ‘కొన్ని ఫొటోలు నా పని చూపించుకోవడానికి ఇన్‌స్టాలో వాడుకోవచ్చు’ అని వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. అనుమతి ఇవ్వని ఇంటి ఆడపిల్లల ఫొటో ఒక్కటి కూడా బయటపెట్టకూడదు. పల్లెల్లో ఈ ఒక్క నమ్మకం మీదే పది పెళ్లిళ్లు వస్తాయి.

ముహూర్తాలు లేని రోజుల గురించి కూడా ముందే ఆలోచించాలి. ఆషాఢం, పుష్యం, మధ్యలో మూఢాలు వస్తే రెండు మూడు నెలలు పెళ్లిళ్లు ఉండవు, ఈఎంఐ మాత్రం ఆగదు. మీ చుట్టుపక్కలే దీనికి దారి ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో, నర్సాపురం లేసుకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని తెలిపే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇలాంటివి ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు శుభ్రమైన ఫొటోలు కావాలి. పూతరేకు పొర పల్చగా, వెలుతురు దాటేలా కనిపించాలంటే కిటికీ వెలుగు వెనక నుంచి పడాలి. ఇది మీ ఇంటి వసారాలోనే నేర్చుకోవచ్చు. నాలుగు దుకాణాలు నెలకు ఇంతని కుదిరితే ఆషాఢం గట్టెక్కుతుంది.

ప్రభుత్వ సాయం గురించి. చిన్న వ్యాపారాల నమోదు కోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై నుంచి ఉంది, ఆధార్‌తో ఇంట్లో కూర్చుని ఉచితంగా చేసుకోవచ్చు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు అసలైనవి కావు. చిన్న రుణానికి ముద్ర పథకం ఉంది. శిశులో 50 వేల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, పూచీకత్తు ఆస్తి అవసరం లేదు. సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ, అంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం. మొదటి రుణం కొత్త యూనిట్లకే (కొత్తగా మొదలుపెట్టే వ్యాపారాలకే) ఇస్తారు, దరఖాస్తుకు ఫీజు లేదు, జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. మహిళలు ప్రత్యేక కేటగిరీ కాబట్టి సొంత వాటా 5 శాతమే. యూనిట్ పల్లెలో ఉంటే సబ్సిడీ 35 శాతం, పట్టణంలో ఉంటే 25 శాతం. మూడు లక్షల ప్రాజెక్టుకి మీ ఊళ్లో అయితే లక్షా ఐదు వేలు, తణుకు టౌన్‌లో అయితే 75 వేలు. గది అద్దె వద్దనడానికి ఇది ఇంకో కారణం. ఆ సబ్సిడీ చేతికి రాదు, బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటవుతుంది. ముందు ముద్ర తీసుకుని తర్వాత దీనికి వెళ్దామనుకుంటే కొత్త యూనిట్ కాదనే చిక్కు రావచ్చు, ఏది కావాలో ముందే తేల్చుకోండి. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేవరకూ ఇలాంటి సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఐటీ రిటర్న్ మాత్రం మొదటి ఏడాది నుంచీ వేయమనండి. రేపు పెద్ద రుణానికి బ్యాంకు చూసేది అదే.

చివరగా రాత్రిళ్ల సంగతి. మీ ఇంట్లో వాళ్ల భయం సహజం. ఒంటరిగా వెళ్లకుండా ఎప్పుడూ ఇద్దరు ముగ్గురి టీమ్‌తో వెళ్లాలి, రానూపోనూ వాహనం ఖర్చు పెళ్లివారిదే అని మొదటి మాటలోనే చెప్పాలి, తెల్లవారేదాకా ఉండడానికి గది అడగాలి. ఇవి అడిగితే పని పోతుందని భయపడొద్దు. ఆడపిల్ల కెమెరా పట్టుకుందంటే తెరిచే తలుపులు కొన్ని ఉన్నాయి. పెళ్లికూతురి అలంకరణ గది, సీమంతం, పురిటి బిడ్డ ఫొటోలు, రజస్వల వేడుక. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఈ సంగతి ఎప్పుడో గమనించాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించాడు.

చీటీ ఇప్పుడే పాడకండి. తొందరపడితే వేలంలో పోయేది ఎక్కువ. అమ్మాయి ఒక సీజన్ పెళ్లిళ్లకు రెండో కెమెరాగా వెళ్లి రానివ్వండి. ఆ వచ్చిన డబ్బు, తిరిగిన ఖర్చు ఒక నోటుబుక్కులో రాయమనండి. సీజన్ అయ్యాక ఆ బుక్కు ముందు పెట్టుకుని తండ్రీ కూతుళ్లిద్దరూ కూర్చోండి. ఎంతకి పాడాలో అప్పుడు తేలుతుంది. ఆ లెక్కలు నాకు కూడా రాసి పంపండి, కెమెరా ఏది కొనాలో అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.