నీళ్ళు ఎక్కడ కొంటే ఓటు అక్కడే

"బెంగళూరు శివారులో పిల్లలతో ఉంటున్న తెలుగువాళ్ళను రోజూ ఎక్కువగా విసిగించేది ఏమిటి? ఓటు సొంతూరిలోనే ఉంచుకున్నారా, ఇక్కడికి మార్చుకున్నారా?" అని అడిగారు. మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు గానీ, నా విషయంలో రెండింటికీ జవాబు నీళ్ళే.

మాది పెనుకొండ దగ్గర పల్లె. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఇక్కడ వర్తూరు దాటాక ఒక అపార్ట్‌మెంటులో ఉంటున్నాం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే అబ్బాయి, నాలుగో తరగతి అమ్మాయి. వేరుశనగ పనులు లేని నెలల్లో మా నాన్న కూడా.

ట్రాఫిక్ గురించి ఎక్కువ రాయను. మారతహళ్ళి వంతెన మీద గడిచే సాయంత్రాల గురించి ఈ ఊళ్ళో అందరూ చెప్పేశారు. మెట్రో 2023లో వైట్‌ఫీల్డ్ దాకా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 రూపాయల నుంచి 90కి పెరిగింది. అయినా ఎక్కుతున్నాను. ఇంటి నుంచి స్టేషను దాకా ఆటోకు అయ్యే ఖర్చు ముందు ఆ 90 చిన్నదే.

చాలామంది కన్నడం రాకపోవడాన్ని ఇబ్బందుల్లో మొదట చెబుతారు. కోస్తా నుంచి వచ్చినవారికి నిజంగా ఇబ్బందే కావచ్చు. మా సరిహద్దు పల్లెల వాళ్ళకు అది చిన్నప్పటి నుంచీ సంతలో విన్న భాష. మా నాన్న ఇక్కడి కూరగాయల బండి దగ్గర కన్నడంలో బేరమాడి, ఇంటికొచ్చి తెలుగులో ఆ ధరలను తిడతాడు. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకే మారిందనీ, ఈ బెంగళూరును కట్టించిన కెంపేగౌడ కుటుంబం ఆ రాజులకు సామంతులేననీ ఆయన మా వాచ్‌మన్‌కు కూడా చెప్పాడు. అంతటి రాజధాని నుంచి వచ్చి ఇక్కడ అద్దె కడుతున్నామని గుర్తుచేస్తే మాత్రం మాట మారుస్తాడు.

ఇక నీళ్ళు. వర్తూరు, దాని చుట్టుపక్కల పల్లెలు 2007లో నగరంలో కలిశాయి. అలా కలిసినవి మొత్తం 110 పల్లెలు. కలిసిన రోజు నుంచి పన్ను నగరానిది, నీళ్ళు మాత్రం బోరువి. బోరు చాలనప్పుడు ట్యాంకరు. ఆ ట్యాంకరు తెల్లవారుజామున వస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు కుయ్ కుయ్ అని మోగే మోతకు మా అమ్మాయి లేస్తుంది. అలారం అక్కర్లేదు. నీళ్ళ రంగు ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. ఎక్కడి బోరు నీళ్ళని డ్రైవరును అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

2024 వేసవి అన్నిటికన్నా ఘోరం. మా బోరు రెండింటిలో ఒకటి పూర్తిగా ఎండిపోయింది. మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్లకు ధరలు నిర్ణయించింది: అయిదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు, పది కిలోమీటర్ల దాకా అయితే 1,200. తాగునీటితో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు. జరిమానా భయంతో మా సెల్లార్‌లో కార్లు దుమ్ము కొట్టుకుపోయాయి గానీ, ఆ ధరకు ట్యాంకరు మాత్రం మా గేటు దాకా రాలేదు. ప్రకటించిన ధర చెబితే మా ట్యాంకరు యజమాని, "ఆ ధరకు ఎవరు పోస్తారో వాళ్ళ దగ్గరే తెచ్చుకోండి మేడమ్" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు, ఆ మర్యాదకే ఎక్కువ కోపం వచ్చింది. మా అసోసియేషన్ రోజుకు రెండు పూటలే నీళ్ళు వదిలింది. పిల్లల స్కూలు బట్టలు ఏ పూట ఉతకాలన్నది ఇంట్లో ప్రధాన చర్చ అయింది.

ఆ రోజుల్లోనే నాన్న వచ్చాడు. వచ్చిన పూటే వంటింట్లో ఆర్వో యంత్రం నుంచి సింకులోకి పోతున్న నీటిని చూసి, ఆ గొట్టం కింద బకెట్టు పెట్టాడు. ఒక బిందె మంచినీళ్ళకు అంతకన్నా ఎక్కువ పారబోసే యంత్రాన్ని డబ్బిచ్చి కొన్నామంటే ఆయన నమ్మలేదు. ఆ బకెట్టు నీళ్ళతోనే మా ఇల్లు తుడిచేవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు బాల్కనీలో కరివేపాకు మొక్కకు. ఊళ్ళో అయితే అవి గేదెల కుడితిలోకి పోయేవి. ఇక్కడ గేదె లేదని ఆయనకు నిజంగానే బాధ.

నాన్నకు నీళ్ళ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. నా చిన్నప్పుడు మా పల్లెలో చేతిపంపు నీళ్ళలో ఫ్లోరైడు ఉండేది. మా మేనత్తల పళ్ళ మీద ఆ గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి. మంచినీళ్ళకు పక్క ఊరి బావి దాకా వెళ్ళేవాళ్ళం. అమ్మ తలమీద ఒకటి, చంకలో ఒకటి. నాకు చిన్న బిందె. 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు తాగునీటి పథకం వచ్చింది. వీధి చివర సిమెంటు తొట్టి, దానికి నాలుగు కుళాయిలు. మొదటిరోజు మా అవ్వ ఆ కుళాయికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నీళ్ళు ఒకరోజు రాకపోతే నాన్న రచ్చకట్ట దగ్గరికి వెళ్ళి సర్పంచిని పట్టుకునేవాడు. సర్పంచి వేరే పార్టీ. అయినా పేరు పెట్టి పిలిచి, "మా వీధికి ఎందుకు రాలేదు?" అని అడిగేవాడు. ఆయన కూడా ఏదో ఒకటి చెప్పేవాడు. అబద్ధమైనా చెప్పేవాడు.

ఇక్కడ ఎవరిని పట్టుకోవాలి? మా అబ్బాయికి బడిలో ఇంటిపనిగా, "మీ వార్డు కార్పొరేటర్ పేరు రాయండి" అని ఇచ్చారు. బెంగళూరులో చివరిసారి కార్పొరేషన్ ఎన్నికలు 2015 ఆగస్టులో జరిగాయి, అప్పటికి మా అమ్మాయి పుట్టనేలేదు. ఆ పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది. ఆ తర్వాత అయిదేళ్ళు నగరాన్ని అధికారులే నడిపారు. 2025 సెప్టెంబరులో ఒక్క కార్పొరేషన్‌ను అయిదు చేశారు. మాది తూర్పు కిందికి వచ్చింది. మావాడు ఆ గీత మీద "ఎవరూ లేరు" అని రాసి తీసుకెళ్ళాడు. టీచరు టిక్కు పెట్టారు.

కార్పొరేటర్ లేని చోట మాకు మిగిలింది అపార్ట్‌మెంటు అసోసియేషన్. నేను చూసిన ఎన్నికల్లో అన్నిటికన్నా తీవ్రమైనవి అవే. ప్రచారం, ప్యానెళ్ళు, ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను లిఫ్టులో పలకరించకపోవడం, అన్నీ ఉంటాయి. కానీ ఎవరు గెలిచినా ట్యాంకరు యజమాని దగ్గరే నిలబడాలి.

2024 ఏప్రిల్‌లో, బెంగళూరులో లోక్‌సభ పోలింగుకు కొద్దిరోజుల ముందు, ఒక అభ్యర్థి తరపు మనుషులు మా అంతస్తుకు వచ్చారు. చేతిలో ఓటర్ల జాబితా. నేను తలుపు తీసి, నీళ్ళ గురించి అడగాలని నోరు తెరిచాను. అందులో ఒకాయన ముందే అడిగాడు, "ఈ ఇంట్లో ఎన్ని ఓట్లు?" లేవని చెప్పాను. నావి, మావారివి రెండూ ఆంధ్రలోనే. ఆయన జాబితాలో ఏదో గీసుకుని, దండం పెట్టి, ఎదురింటి బెల్లు కొట్టాడు. ఎదురింట్లో మూడు ఓట్లు. అక్కడ పావుగంట కూర్చుని నీళ్ళ గురించి విన్నారు, ఆ మాటలు మా హాల్లోకి వినిపిస్తూనే ఉన్నాయి. ఆయన మీద నాకు కోపం లేదు. ఎండలో తిరుగుతున్నాడు, ఓటు లేని గుమ్మం ముందు ఎంతసేపని నిలబడతాడు?

మే 13న ఊరికి వెళ్ళి ఓటు వేశాను. ఆ వారం బెంగళూరు నుంచి ఆంధ్రకు బయలుదేరిన బస్సుల్లో నిలబడడానికి కూడా చోటు లేదు. పోలింగు కేంద్రం నేను చదువుకున్న బడి. క్యూలో మా చిన్నమ్మ, పిన్ని కూతుళ్ళు, నాకు అయిదో తరగతిలో లెక్కలు చెప్పిన అయ్యవారు, అందరూ. బాగుంది, కాదనను. కానీ క్యూలో ఉన్నంతసేపూ ఒకటే ఆలోచన: ఈ ఎమ్మెల్యే ఎవరైనా నా పిల్లల బకెట్టులోకి ఒక్క చెంబెడు నీళ్ళు కూడా రావు. ఆ వానాకాలంలోనే ఓటు ఇక్కడికి మార్చమని ఫారం 8 నింపాను.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఓటు తీసేసుకుంటే ఆ ఊళ్ళో నీకంటూ ఏముంటుంది? రేపు చావుకూ పెళ్ళికీ వచ్చేది వాళ్ళా, మీ లిఫ్టులో మనుషులా?" అన్నాడు నాన్న. ఆయన మాటలో బలం లేదని అనలేను. ఊళ్ళో జాబితాలో పేరు ఉండటమంటే ఆయన దృష్టిలో ఇంటి గడపకు మామిడాకులు ఉన్నట్టు. ఇంకొక మాట కూడా అన్నాడు: "మన ఊరి పక్కన ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ ఉంది. వదిలేసి పోవాల్సిన ఊరు కాదు అది." ఎర్రమంచి దగ్గర కియా కార్లు 2019 నుంచి తయారవుతున్నాయి, నిజమే. మా తమ్ముడు అయితే ఇంకా తెలివిగా, రెండు చోట్లా ఉంచుకోమన్నాడు. ఇక్కడ ఏప్రిల్ 26, అక్కడ మే 13, తేదీలు కూడా కలిసొచ్చాయి కదా అని. అలా చేయకండి. ఒకరి పేరు రెండు నియోజకవర్గాల్లో ఉండకూడదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. తప్పుడు ప్రకటన చేస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

మావారు మార్చుకోలేదు. ఆయనది మార్కాపురం. ఎన్నికలొస్తే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్తారు. అక్కడ వాళ్ళకు కాస్త పొలం ఉంది, దాని దారి తగాదా ఉంది, అందుకు ఊళ్ళో మాట చెల్లాలి. ఆయన అవసరం అది. కాబట్టి మా ఇంట్లో ఒక రాష్ట్రానికి ఒక ఓటు. టీవీ రిమోటు కోసం జరిగే పోరులో కూడా ఇది కనిపిస్తుంది: నేను కన్నడ వార్తలు, ఆయన తెలుగు వార్తలు. పిల్లలిద్దరూ హెడ్‌ఫోన్లు.

మార్చుకున్నందుకు ఏం ఒరిగిందని అడుగుతారేమో. నగరానికి కావేరి నీళ్ళు తెచ్చే పథకంలో అయిదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ 110 పల్లెల కోసమే రోజుకు 775 మిలియన్ లీటర్ల పథకం. నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోస్తారు. అపార్ట్‌మెంటుకు కనెక్షన్ కావాలంటే కట్టాల్సిన డబ్బు చిన్న మొత్తం కాదు, ఎవరి వాటా ఎంతన్నదాని మీద మా అసోసియేషన్‌లో ఇంకా లెక్కలు తేలడం లేదు. అది నా ఓటుతో తేలేది కాదు. కానీ ఎమ్మెల్యే కార్యాలయానికి రాసే అర్జీల్లో మా కార్యదర్శి ఇప్పుడు మొదటి వాక్యంగా భవనంలో ఎంతమంది ఓటర్లున్నారో రాస్తున్నారు. ఆ సంఖ్య పెంచడానికి నేనే ఇంటింటికీ తిరిగాను. వెనకవీధిలో ఏడాదిగా తవ్వి వదిలేసిన కాలువకు మూత పడింది ఆ అర్జీ తర్వాతే. అర్జీ వల్లేనా అంటే రుజువు లేదు.

మీరు మార్చుకోవాలనుకుంటే పెద్ద పని కాదు. ఫారం 8లో "నివాసం మారింది" అన్నది ఎంచుకుని, ఆన్‌లైన్‌లోనే పంపవచ్చు. బూత్ స్థాయి అధికారి ఇంటికి రావచ్చు, ఆ రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండండి. చిరునామా రుజువుగా ఆధార్ గానీ, రిజిస్టరైన అద్దె ఒప్పందం గానీ, కరెంటు, గ్యాస్ బిల్లుల్లో ఏదైనా గానీ సరిపోతుంది. నీటి బిల్లు కూడా చెల్లుతుందని ఫారంలో ఉంది. నేను గ్యాస్ బిల్లు పెట్టాను. ట్యాంకరువాళ్ళు మాకు బిల్లు ఇవ్వరు.